ఇయ్యని భూమికి వందన సమర్పణ

వందన సమర్పణ అనే తతంగాన్ని ఎవరు కనిపెట్టారో నాకు తెలియదు. ఆ మనిషి దొరికితే మాత్రం, వాన వెలిసిన ఆగస్టు ఎండలో ఖాళీ కడుపుతో గంటన్నర నిలబెట్టి, ఆయనకే నాలుగు పేజీల ధన్యవాదాలు చదివి వినిపించాలని ఉంది. నేను ఆ పని ఇరవై మూడుసార్లు చేశాను. ఒక్కసారి తప్ప ఎప్పుడూ ఎవరూ సరిగ్గా వినలేదు. పిల్లలు బూందీ గంపల వైపు చూస్తుంటారు. పెద్దలు తమ పేరు వచ్చేదాకా చెవులు రిక్కించి, వచ్చాక పంచె దులుపుకుని లేచిపోతారు.

ధర్మపురి నుంచి బస్సులో ముప్పావుగంట దూరంలో ఉన్న నాగులగడ్డ హైస్కూలుకు నేను 1972లో తెలుగు టీచరుగా వచ్చాను. నా పేరు నిర్మల, సొంతూరు కరీంనగర్. వచ్చిన రెండో నెలలోనే పంద్రాగస్టు. "ఆడపిల్ల గొంతు మైకుల మంచిగుంటది, వందన సమర్పణ నువ్వు చెయ్యమ్మా" అని అప్పటి హెడ్మాస్టరు నా చేతిలో ఒక కాగితం పెట్టాడు. ఇక అది నన్ను వదల్లేదు. మధ్యలో నాలుగేళ్ళు కరీంనగర్‌కు బదిలీ అయి, హమ్మయ్య అనుకునేలోపే మళ్ళీ ఇక్కడికే వచ్చి పడ్డాను.

దేశమంతటికీ అది స్వాతంత్ర్యం వచ్చిన రోజు. మా బడిలో మాత్రం అది దామోదర్‌రావు గారికి కృతజ్ఞత చెప్పుకునే రోజు. ఆహ్వానపత్రంలోనే అలా అచ్చువేసేవాళ్ళు: 'స్వాతంత్ర్య దినోత్సవం మరియు దాతకు కృతజ్ఞతా దినోత్సవం'. జెండా ఎగరేయడం ఐదు నిమిషాల్లో అయిపోయేది. ఆ తర్వాత బడికి ఐదెకరాలు దానమిచ్చిన దామోదర్‌రావు గారి పెద్దమనసు మీద గంటసేపు ఉపన్యాసాలు. గోడలో ఆయన పేరు చెక్కిన రాతిపలక, దానికి పూలదండ. పలక పక్కన కుర్చీలో ఆయన, ఆయనకు ఇంకో పూలదండ. గాంధీ పటానికి వేసిన దండకంటే అది రెండు మూరలు పొడుగే. ఏడాదికోసారి ఊరందరిచేత దండం పెట్టించుకోవాలని ఒక మనిషికి ఎలా అనిపిస్తుందో నాకు ఎప్పటికీ అర్థం కాలేదు. కాకపోయినా చదివేదాన్ని.

నేను చెప్పదలచుకున్నది ఆయన గురించి కాదు. నేను చదివే ఆ కాగితం రాసిచ్చే బుచ్చిరాములు గురించి.

బుచ్చిరాములు మా బడి అటెండరు. గంట కొట్టడం, నీళ్ళు మోయడం, తాళాలు వేయడం, జెండాకు ముడి వేయడం అన్నీ ఆయనే. సన్నగా పొడుగ్గా ఉండే మనిషి. నాలుగో తరగతి వరకు చదువుకున్నాడు, పెద్దపెద్ద అక్షరాలతో రాస్తాడు. ఊళ్ళో ఎవరు ఏం చేశారో ఆయనకే బాగా తెలుసు కాబట్టి ధన్యవాదాల జాబితా ఆయన చేతే రాయించేవాళ్ళు. మైకుసెట్టు తెచ్చినవాడు, బూందీ దూసినవాడు, కుర్చీలు ఇచ్చినవాడు, బెంచీలు మోయడానికి ఎడ్లబండి కట్టినవాడు, చివరికి జెండా గుడ్డ చిరిగితే కుట్టిపెట్టిన దర్జీ ఇబ్రాహీం వరకు ఒక్కరినీ వదిలేవాడు కాదు. ఒకసారి నేను తొందరలో దర్జీ పేరు దాటేస్తే, మరునాడు వచ్చి, "ఆయిన పొద్దుగూకెదాక కూసోని కుట్టిండు టీచరమ్మా, జర సూస్కోని సదవాలె" అని మందలించాడు.

ఇంత పట్టింపు ఉన్న మనిషి మొదటి గీత మాత్రం ఖాళీగా వదిలేసేవాడు. ఆ ఖాళీలో హెడ్మాస్టరు తన పెన్నుతో దామోదర్‌రావు గారి పేరు రాసేవాడు. నాకిది మూడో ఏడాది దాకా కనబడలేదు.

"ఏంది బుచ్చన్నా, అసలు పేరే మరిచినవు?" అన్నాను.

"మర్వలే టీచరమ్మా. గది సారు రాసుకుంటడు."

"నువ్వెందుకు రాయవు?"

ఆయన కిటికీ రెక్కలు మూస్తూ మూస్తూ చెప్పాడు. ఈ మనిషి ఏ విషయమైనా నా ముఖం చూసి చెప్పడు, అదొక విసుగు.

"గీ అయిదెకరాలు మా బాపు కౌలుకు చేసిండు. ముప్పై ఏండ్లు. పట్టా దొరదే, నేను కాదంటలేను. గని గన్నేండ్లు దున్నినోన్ని ఎల్లగొట్టొద్దని కానూనుండె. సర్కారు పహాణీ లెక్కల కాస్తుదారు, అంటే దున్నెటోడు, అని మా బాపు పేరున్నది, బాలమల్లు అని. ఊరికి పెద్దబడి గావాలంటే అయిదెకరాలు సూపియ్యాలన్నరు సర్కారోళ్ళు. దొరకు ఇరవై జాగలల్ల భూమున్నది. గిదే సూపిచ్చిండు. అప్పుడు మక్క పీసు మీదున్నది. నెలరోజులాగితే పంట ఇంటికొచ్చు. ఆఫీసరు ముగ్గు పొయ్యనీకి వస్తుండని మోకాలెత్తుకు కోపిచ్చిండ్రు."

"మీ బాపు ఏమన్నడు?"

"ఏమంటడు. గట్టు మీద కూసున్నడు. రెండేండ్లకు పోయిండు."

బడి 1969లో తెరిచారు. నీ భూమి పోయింది కాబట్టి నీ కొడుక్కి కొలువు ఇప్పిస్తున్నాను, ఆ మేలు మరచిపోకు అని దామోదర్‌రావు గారు బాలమల్లుతో ఒక మాట వేసి బుచ్చిరాములును ఇక్కడే అటెండరుగా పెట్టించాడట. తండ్రి దున్నిన నేల మీద కొడుకు గంట కొట్టడం. ఏటా ఆగస్టులో, తండ్రిని ఆ నేల మీంచి వెళ్ళగొట్టినవాడి మెడలో వేసే దండను పళ్ళెంలో పట్టుకుని నిలబడడం. ఇంత విన్నాక కూడా ఆ ఏడాది నేను మొదటి గీత చదివాను. కొత్త ఉద్యోగం, పెళ్ళి కాని పిల్ల, హెడ్మాస్టరు పక్కనే కూర్చున్నాడు. నాకు నేను చెప్పుకున్న సాకులు ఇవి.

తర్వాత ఏళ్ళ తరబడి ఈ విషయం మీద మా ఇద్దరికీ వాదన నడిచింది. వాదన అంటే నేను మాట్లాడడం, ఆయన నల్లబోర్డు తుడవడం.

"మరి కొలువు తీసుకున్నవు గదా బుచ్చన్నా. నీ ఇల్లు దాని మీదనే నడిచె. నీ పిల్లలు గీ బళ్ళెనే చదివిరి. జరంత విశ్వాసం ఉండొద్దా?" అని ఒకసారి కావాలనే పొడిచాను.

"గంట కొట్టినందుకు జీతమిచ్చిండ్రు. కొట్టినన్ని దినాలు తీస్కున్న. బడి మంచిదే, నేను బడిని ఏమంటలేను." బోర్డు మీద ఒక మూల మిగిలిపోతే మళ్ళీ వెళ్ళి తుడిచాడు. "ఇచ్చినోనికి దండం పెడుతరు టీచరమ్మా. గుంజుకున్నోనికి నాతోని పెట్టియ్యకుండ్రి."

ఇంత మొండిమనిషిని నేను ఎక్కడా చూడలేదు. పోనీ ఎదురుతిరుగుతాడా అంటే తిరగడు. దండ పళ్ళెం పట్టుకుంటాడు, కుర్చీ తుడుస్తాడు, బూందీ పొట్లాలు కడతాడు. ఆ ఒక్క గీత మాత్రం రాయడు. ఒక ఖాళీ గీతతో ఏం సాధిస్తున్నాడో నాకు తెలిసేది కాదు. దామోదర్‌రావు గారు ఆ ఖాళీ సంగతి తెలియకుండానే 1986లో పోయాడు. ఆయన కొడుకు ప్రేమ్‌సాగర్‌రావు కరీంనగర్‌లో గ్రానైట్ వ్యాపారం చేస్తాడు. ఆగస్టు పదిహేనున కారులో వచ్చి తండ్రి కుర్చీలో కూర్చుని, తండ్రి దండ తాను వేయించుకునేవాడు. దానగుణం కూడా వారసత్వంగా వస్తుందని మా ఊరు నమ్మింది.

అసలు చిక్కు 1997లో వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్ళు. మా బడికి రెండు కొత్త గదులు మంజూరయ్యాయి. అప్పటికి ఆరు, ఏడు తరగతుల పైకప్పు వానొస్తే కారి, పిల్లలు పుస్తకాలు కడుపులో పెట్టుకుని వరండాలోకి పరిగెత్తేవాళ్ళు. బుచ్చిరాములు మనుమరాలు జమున ఆరులోనే ఉంది, తెలివైన పిల్ల, ఆమె కూడా వరండాలోనే చదివేది. గదులు కట్టాలంటే భూమి బడిదేనని కాగితాలు కావాలన్నారు. తీరా పహాణీ తీస్తే కాస్తుదారు గడిలో బాలమల్లు పేరు అలాగే ఉంది. ఆయన వారసుడు సంతకం పెడితే తప్ప కదలదట.

హెడ్మాస్టరు అప్పుడు నిజాముద్దీన్ సార్. మంచివాడు, తగవంటే ఆమడ దూరం పోయే మనిషి. మండలాఫీసు గుమాస్తా తెచ్చిన కాగితాన్ని బల్ల మీద పరచి బుచ్చిరాములును పిలిచాడు. నేను హాజరు పట్టీ కోసం వెళ్ళి అక్కడే నిలబడిపోయాను.

"రాసిందేందో సదువుండ్రి సార్," అన్నాడు బుచ్చిరాములు.

నిజాముద్దీన్ సార్ చదివాడు. "'మా తండ్రి కీర్తిశేషులు బాలమల్లు పై భూమిని తన ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతమూ లేకుండా పాఠశాలకు ఇచ్చి ఉన్నారు.' గంతే. కింద నీ దస్కతు."

"ఇయ్యలే సార్."

"అరే భాయ్, ముప్పై ఏండ్ల కింది ముచ్చట. ఇప్పుడెందుకు పరేషాన్?"

"తీస్కున్నరని రాయుండ్రి, ఇప్పుడే దస్కతు చేస్త. భూమి నాకు వద్దు, పైస వద్దు. రూములు కట్టుండ్రి, పిల్లలు సల్లగ సదువుకోని. గని తీస్కున్నరని రాయుండ్రి."

గుమాస్తా పెన్ను మూత పెట్టుకుంటూ, "గట్ల రాయనీకి ఫారంల జాగ లేదు" అన్నాడు.

రెండు నెలలు ఇదే గొడవ. సర్పంచి వచ్చి చెప్పాడు, కొడుకు చెప్పాడు, తల్లిదండ్రుల కమిటీ వాళ్ళు ఇంటికి వెళ్ళి తిట్టి వచ్చారు. ఒక్క మాట మార్చడానికి సర్కారు ఒప్పుకోదు, ఒక్క మాట ఒప్పుకోవడానికి ఈయన సిద్ధంగా లేడు, మధ్యలో ఎనభై మంది పిల్లలు తడుస్తున్నారు. నాకు అందరి మీదా ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళు దున్నిన మనిషికి కాగితంలో చోటు లేదన్న గుమాస్తా మీద, పట్టాదారు వారసుడిగా తన సంతకం గీకేసి కారెక్కి పోయిన ప్రేమ్‌సాగర్‌రావు మీద, ఎక్కువగా బుచ్చిరాములు మీద. ఆయన మీదే ఎందుకంటే తిడితే పడేది ఆయనొక్కడే.

"నీ మనుమరాలే తడుస్తున్నది బుచ్చన్నా. సచ్చిపోయిన బాపు కోసం బతికున్న పిల్లను తడుపుతవా?"

"తడిసిన పుస్తకం నేనే ఎండకు పెడుతున్న టీచరమ్మా," అన్నాడు. నిజమే, రోజూ వరండా గోడ మీద వరసగా పెట్టేది ఆయనే.

పంద్రాగస్టు దగ్గరపడ్డాక నాకొక ఆలోచన వచ్చింది. దాన్ని తలచుకుంటే ఇప్పటికీ నా నెత్తిన నేనే మొట్టుకోవాలనిపిస్తుంది. ఈయన బాధంతా తండ్రి పేరు ఎవరూ ఎత్తకపోవడమే అనుకున్నాను. దామోదర్‌రావు పేరు పాతికేళ్ళు మోగింది, బాలమల్లు పేరు ఒక్కసారీ మోగలేదు. ఆ పేరు మైకులో గౌరవంగా చదివితే ఆయన మనసు చల్లబడుతుంది, సంతకమూ పెడతాడు, గదులూ వస్తాయి. అందరికీ మేలు చేయబోతున్నానని నాకు నేనే మురిసిపోయాను. ఆయన్ని అడగాలని కూడా తోచలేదు.

ఆ పంద్రాగస్టుకు జనం బాగా వచ్చారు. నా వంతు రాగానే కాగితం మడిచిపెట్టి, రాత్రి ఇంట్లో రాసుకున్నది చదివాను. "ఈ నేలను ముప్పై ఏళ్ళు తన చెమటతో సాగుచేసి, మన పిల్లల చదువు కోసం ఇచ్చిన కీర్తిశేషులు బాలమల్లు గారికి మనందరం ముందుగా వందనం సమర్పించుకుందాం." ఇచ్చిన అని ఎందుకు రాశానంటే, దొర కొడుకు వేదిక మీద ఉండగా తీసుకున్న అని రాసే ధైర్యం లేదు, పైగా వందన సమర్పణలో అందరూ ఇచ్చినవాళ్ళే. పాతికేళ్ళుగా ఆయన నాతో చెప్పిన ఒకే ఒక్క మాట, ఇవ్వలేదు, గుంజుకున్నారు అన్నది, రాసేటప్పుడు నాకు గుర్తు రాలేదు.

చప్పట్లు మోగాయి. నా ఇరవై రెండు వందన సమర్పణల్లో జనం విన్నది అదొక్కటే. ప్రేమ్‌సాగర్‌రావు నాకంటే వంద రెట్లు తెలివైనవాడు. వెంటనే లేచి, తన మెడలో దండ తీసి, మైకు తీగ దగ్గర నిలబడి ఉన్న బుచ్చిరాములు మెడలో వేశాడు. మైకు నా చేతిలోంచి తీసుకున్నాడు.

"మా బాపు ఒక్కడే కాదు, బాలమల్లు గూడ దాతనే. ఇద్దరు కలిసి ఇచ్చిండ్రు. గీ ముచ్చట మనం మర్సిపోయినం, తప్పు మనదే. టీచరమ్మ యాదికి చేసింది."

మళ్ళీ చప్పట్లు. జమున ఆరో తరగతి వరసలోంచి లేచి నిలబడి తాతను చూస్తోంది. నిజాముద్దీన్ సార్ అప్పటికే ఫైలు విప్పి కాగితం బల్ల మీద పెట్టాడు, మంచి సమయం పోగొట్టుకునే మనిషి కాదు. పెన్ను మూత తీసి ఇచ్చాడు. బుచ్చిరాములు నా వైపు చూశాడు. ముఖంలోకి సూటిగా చూడడం అదే మొదటిసారి. నేను ప్రోత్సాహంగా తల కూడా ఊపాను. ఆయన వంగి సంతకం పెట్టాడు.

మధ్యాహ్నం అందరూ పోయాక కుర్చీలు మడుస్తుంటే దగ్గరికి వెళ్ళాను. సంతోషంగా ఉంటాడనుకుని వెళ్ళాను, అదీ నా తెలివి. దండ కిటికీ ఊచకు తగిలించి ఉంది.

"ఎట్ల ఒప్పుకున్నవు బుచ్చన్నా?"

"మీరు తిట్టంగ ఏమనిపియ్యలే. కమిటోళ్ళు ఇంటి మీదికొచ్చినా ఏమనిపియ్యలే." కుర్చీ మడిచి గోడకు ఆనించాడు. "మా బాపును ఎల్లగొట్టిననాడు ఊరోళ్ళు ఒక్కరు మా దిక్కు సూడలే. ఇయ్యాల ఇచ్చిండన్నరు, ఊరంత సప్పట్లు కొట్టె. గంతమంది మా బాపుకు మొక్కుతుంటె, ఇయ్యలే అని నేనెట్ల అనాలె? ఒక్క దినం గూడ గా మర్యాద దొరకలే ఆయినకు."

బూందీ చక్కెరకు చీమలు పట్టిన బల్లను పట్టుకుని నిలబడ్డాను. తిట్లకు లొంగని మనిషిని నేను దండంతో లొంగదీశాను.

"తప్పైంది బుచ్చన్నా," అన్నాను చివరికి.

"గట్లయితే ఒక్క పని చెయ్యుండ్రి. వచ్చే పంద్రాగస్టుకు మైకుల చెప్పుండ్రి, ఇయ్యలే, తీస్కున్నరు అని. మీరే అన్నరు గద. మీరు చెప్పితేనే ఊరోళ్ళు వింటరు."

చెప్తానన్నాను. ఒట్టు కూడా వేశాను.

గదులు లేచాయి. 1998 జూన్‌లో ఏడో తరగతి అందులో కూర్చుంది, జమున కూడా. రాతిపలక పాతది పీకేసి కొత్తది పెట్టారు. 'భూదాతలు' అని పైన, దామోదర్‌రావు గారి పేరు కింద బాలమల్లు పేరు. ఆ వరండా ఊడ్చేటప్పుడు బుచ్చిరాములు అటు వైపు వీపు పెట్టి ఊడ్చేవాడు. నేను ఆ ఏడాదంతా మైకులో చెప్పాల్సిన మూడు వాక్యాలు రాసి, కొట్టేసి, మళ్ళీ రాసుకున్నాను. 'పోయిన ఏడు ఇచ్చారని చదివాను, అది తప్పు. ఆ భూమి బాలమల్లు ఇవ్వలేదు, పంట మీద ఉండగా తీసుకున్నారు. ఆ తప్పు నాది కాబట్టి నేనే దిద్దుతున్నాను.' ఏమైతే అదే అవుతుందని గట్టిగానే అనుకున్నాను.

పంద్రాగస్టు వచ్చింది. ప్రేమ్‌సాగర్‌రావు కొత్తగా 'బాలమల్లు స్మారక బహుమతి' అని ఒకటి పెట్టాడు, తరగతిలో మొదట వచ్చిన పిల్లకు. అది జమునకే వచ్చింది, న్యాయంగానే వచ్చింది. నిఘంటువు చేతిలో పెట్టి, రెండు మాటలు చెప్పమని నిజాముద్దీన్ సార్ మైకు కిందికి వంచాడు.

ఆ పిల్ల తడబడలేదు. "మా తాతోళ్ళ బాపు గీ బడికి భూమి ఇచ్చిండు. మాకు గంత లేకున్నా ఇచ్చిండు. గందుకే మనం చదువుకుంటున్నం. నేను గూడ పెద్దగైనంక ఊరికి ఏదన్న ఇస్త." అలా అని తల ఎత్తి నిలబడింది. ఏడాది కిందట ఆ పిల్ల ఎప్పుడూ వెనక వరసలో కూర్చునేది, అడిగితే కానీ నోరు విప్పేది కాదు.

తర్వాత నా పేరు పిలిచారు. మైకు ముందు నిలబడి కాగితం విప్పాను. బుచ్చిరాములు ఎప్పటిలా తీగ దగ్గర ఉన్నాడు. నేను ఆయన వైపు చూశాను, చదవనా అన్నట్టు. ఆయన మనుమరాలి వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నాకు మాత్రమే కనబడేలా, వద్దని చెయ్యి ఊపాడు.

నా మూడు వాక్యాలు మడిచి, ఆయన రాసిచ్చిన జాబితా తీశాను. ఈసారి మొదటి గీత ఖాళీగానే ఉంది, నేను చెప్పేదానికోసం హెడ్మాస్టరుకు చూపకుండా నేరుగా నాకే ఇచ్చాడు. పెన్ను తీసే తీరిక లేదు, జనం చూస్తున్నారు. "ఈ పాఠశాలకు భూమి ఇచ్చిన బాలమల్లు గారికి వందనం" అన్నాను, నా గొంతు నాకే అసహ్యంగా వినబడింది. అందరికంటే ముందు జమున చప్పట్లు కొట్టింది. కొడుతూ తాత వైపు తిరిగింది. మనుమరాలు చూస్తోందని బుచ్చిరాములు కూడా కొట్టాడు.